ఎస్తేరు సైకిల్‌కి పొట్టి క్రాంకు

ఫిజియోథెరపీ చదివి ఉద్యోగంలో చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఏ మెషిన్ నేర్చుకుంటే మంచిది, ఏ ఊళ్ళో ప్రాక్టీసు బాగుంటుంది అని అడుగుతారు. ముందు మీ బొటనవేళ్ళు జాగ్రత్తగా చూసుకోండి అంటాను. వాళ్ళు నవ్వుతారు. నేను సరదాకి అనను. ఇతరుల మోకాళ్ళూ భుజాలూ నడుములూ ఒత్తీ ఒత్తీ నా రెండు బొటనవేళ్ళూ అరిగిపోయాయి. ఇప్పుడు చపాతీ పిండి కలపడానికి కూడా పనిమనిషిని పిలవాలి.

ఉద్యోగం ఎలా వచ్చింది, ఎప్పుడు సీనియర్‌ని అయ్యాను అనేవి ఇక్కడ రాయడం లేదు. వాటితో ఎవరికీ పని లేదు. ఈ పని నిజంగా ఎలా ఉంటుందో చెప్పడానికి ఒక్క కేసు చాలు. అది గొప్ప కేసు కాదు. ఏ సెమినార్‌లోనూ చెప్పుకోదగ్గది కాదు. కానీ రిటైరయ్యాక ఇంట్లో కూర్చుంటే ఎక్కువగా గుర్తొచ్చేది అదే.

మా వార్డు

నేను పుట్టింది పొన్నూరు దగ్గర, వరి పండే ఊళ్ళో. ఉద్యోగం చేసింది మాత్రం మిరప, పత్తి పండే మెట్ట ప్రాంతంలో, ఒక మిషన్ ఆసుపత్రిలో. మిరపకోతలు మొదలయ్యాయంటే మా ఎముకల వార్డు నిండేది. కారణం ఆటోలు. నలుగురు ఎక్కాల్సిన ఆటోలో ఇరవై మంది కూలీలు, వెనక తలుపు మీద ఇంకో ఇద్దరు. తెల్లవారకముందే బయల్దేరి ఎక్కడో దూరంగా ఉన్న చేలకి పోవాలి. మలుపులో టైరు జారితే అంతే. ప్రతి సంవత్సరం అదే కాలం, అవే దెబ్బలు, వాళ్ళ చీరలకి అదే మిరపఘాటు. మొదట్లో ఏడ్చేదాన్ని. తర్వాత్తర్వాత మంచాలు ఎన్ని ఖాళీగా ఉన్నాయో చూసుకునేదాన్ని. ఇది గర్వంగా చెప్పడం లేదు. అలా మారతారని ముందే తెలిస్తే మీకు కొంచెం నయం.

మా ఎముకల డాక్టరు గారు చెయ్యి తిరిగిన మనిషి. ముక్కలైన ఎముకని ఆయన కూర్చిపెట్టిన తీరు ఎక్స్‌రేలో చూస్తే ముచ్చటేసేది. కోపం ఎక్కువ. పొద్దున్నే రౌండ్స్‌కి వచ్చి ప్రతి మంచం దగ్గరా ఒకటే ప్రశ్న వేసేవారు.

"ఎంత వంగింది?"

రోగిని కాదు, నన్ను. మోకాలు ఎంత వంగితే మా పని అంత బాగా జరిగినట్టు. వంగకపోతే నేను గట్టిగా వంచలేదన్నట్టు. మధ్యాహ్నం దాకా మా ఫిజియోథెరపీ గదిలోంచి కేకలు వినిపించేవి. ఆయన్ని తప్పుపట్టను. ఆపరేషన్ అయిన మోకాలిని వంచకపోతే బిగుసుకుపోతుంది, అది నిజం. కానీ ఒక దశ దాటాక వంగనిది వంగదు. అది ఒప్పుకోవడం ఆయనకి ఓడిపోవడంలా ఉండేది. నాకేమో అప్పటికే ఓపిక అయిపోయి ఉండేది. ఆ కేకల్లో సగం అనవసరమైనవని ఇప్పుడు నా అభిప్రాయం.

ఎస్తేరు

ఎస్తేరుకి అప్పుడు పాతికేళ్ళు కూడా లేవు. భర్త లారీ మీద పోతాడు, ఎప్పుడో ఒకసారి ఇంటికొస్తాడు. ఇంట్లో ఉండేది తను, అత్త రాహేలమ్మ, పెళ్ళికాని ఆడపడుచు జ్యోతి. ముగ్గురూ కూలికి పోయేవాళ్ళు. ఆ రోజు రాహేలమ్మకి జ్వరమొచ్చి ఇంట్లో ఉండిపోయింది. మిగతా ఇద్దరూ మిరపకోతకి బయల్దేరారు. ఆటో కాలువ బ్రిడ్జి మీద గోడకి కొట్టుకుని తిరగబడింది. జ్యోతి అక్కడికక్కడే పోయింది. ఎస్తేరు ఎడమ మోకాలు నుజ్జయింది.

రాహేలమ్మ కూతుర్ని సమాధి చేసి మర్నాడే వార్డుకి వచ్చింది. మంచం కాళ్ళ దగ్గర కింద కూర్చునేది. నేను మోకాలు వంచుతుంటే ఎస్తేరు అరిచేది కాదు, దుప్పటి అంచు నోట్లో పెట్టుకునేది. అత్తకి వినబడకూడదని.

మోకాలు లంబకోణం దాటి ఇంకొంచెం వచ్చి ఆగిపోయింది. డాక్టరు గారు మత్తిచ్చి ఒకసారి వంచి చూశారు. కాస్త వచ్చింది, మళ్ళీ పోయింది. ఇక ఇంటికి పంపించేద్దామన్నారు. పంపే రోజున, ఎందుకో, ఎప్పుడూ అడగని మాట ఒకటి అడిగాను.

"ఇంటికెళ్ళి ఏం చేద్దామనుకుంటున్నావు?"

"పనికి పోవాలమ్మా."

"పోవచ్చు. మిరపకాయలు నిలబడే కోస్తారుగా. ఇబ్బంది లేదు."

"కొయ్యటానికేం, కోస్తా. చేను దాకా ఎట్టా పోవాలి? ఆటో ఎక్కను నేను."

రాహేలమ్మ తలెత్తింది. "అదెక్కుతానన్నా నేనెక్కనియ్యనమ్మా."

ఆ ఊరికి బస్సు లేదు. ఆటో లేకపోతే నడవాలి. ఆ కాలితో అంత దూరం రోజూ నడవలేదు. మోటారు బండి మాట ఎత్తితే ఇంజను చప్పుడు దగ్గర్నుంచి వింటేనే ఒళ్ళు చల్లబడుతోందంది.

"సైకిలుందమ్మా. బళ్ళో చదివేప్పుడు గవర్నమెంటోళ్ళు ఇచ్చింది. అది తొక్కుకుంటూ పోతా."

డాక్టరు గారికి చెబితే సంతోషించారు. "మంచిదేగా. తొక్కితే మోకాలు ఇంకా వంగుతుంది. తొక్కమను."

పెడల్ పైకి వచ్చినప్పుడు

కొన్నాళ్ళకి ఎస్తేరు మళ్ళీ వచ్చింది. మోకాలు వాచి, ముట్టుకుంటే వేడిగా ఉంది. నడుం కూడా పట్టేసిందంది. సైకిల్ తీసుకురమ్మని, ఆసుపత్రి ఆవరణలోనే తొక్కించి వెనక నిలబడి చూశాను.

కుడికాలు మామూలుగా తిరుగుతోంది. ఎడమ పెడల్ పైకి వచ్చినప్పుడే తంటా. అక్కడ మోకాలు బాగా మడవాలి. ఈమెది మడవదు. మడవకపోయినా పెడల్ ఆగదు కదా, కుడికాలు దాన్ని తిప్పేస్తుంది. అందుకని ప్రతి చుట్టుకీ ఎడమ తుంటి సీటు మీద నుంచి పైకి లేచి, ఒళ్ళంతా కుడివైపుకి ఒరుగుతోంది. మోకాలి లోటు నడుం తీరుస్తోందన్నమాట. అలా రోజూ చేను దాకా పోయి వస్తే ఉన్న మోకాలు కూడా పోతుంది.

సీటు ఎత్తు పెంచాం. పైన కొంత నయమైంది కానీ, కింద పెడల్ అందడం లేదు. ఆపినప్పుడు కాలు నేలకి ఆనడం లేదు. పడిపోతానన్న భయం ఉన్న మనిషికి కాలు నేలకి ఆనకపోతే ఇంకేం తొక్కుతుంది? సీటు దించేశాం.

మిగిలింది క్రాంకు. పెడల్‌ని మధ్యలో ఉన్న ఇరుసుకి కలిపే ఇనప కాడని సైకిల్ షాపుల్లో క్రాంకు అంటారు. అది ఎంత పొడుగుంటే పాదం అంత పెద్ద చుట్టు తిరగాలి. అంత పైకి లేవాలి, అంత కిందకి దిగాలి. అది ఒక వేలెడు తగ్గితే పాదం పైన వేలెడు తక్కువ లేస్తుంది, కింద వేలెడు తక్కువ దిగుతుంది. కింద మిగిలిన ఆ కాస్తకి సీటుని వేలెడు పెంచుకోవచ్చు. అంటే మోకాలికి పైన మొత్తం రెండు వేళ్ళ వెసులుబాటు. చూడటానికి చిన్న తేడా. బిగుసుకుపోయిన మోకాలికి తొక్కగలగడానికీ తొక్కలేకపోవడానికీ మధ్య తేడా అదే. కానీ సైకిళ్ళు చేసేవాళ్ళు ఆరడుగుల మనిషికీ పొట్టి అమ్మాయికీ ఇంచుమించు ఒకే పొడుగు క్రాంకు పెట్టి పంపిస్తారు.

మా గదిలో వ్యాయామం సైకిల్ ఒకటుండేది. కదలకుండా ఒకేచోట తొక్కేది. దాని క్రాంకుకి వరసగా నాలుగు రంధ్రాలుంటాయి, పెడల్‌ని ఎక్కడ కావాలంటే అక్కడ బిగించుకోవచ్చు. మేమంతా చివరి రంధ్రంలోనే ఉంచేవాళ్ళం. ఎస్తేరుని దాని మీద కూర్చోబెట్టి, తుంటి మీద చెయ్యి వేసి, ఒక్కో రంధ్రం లోపలికి జరుపుతూ తొక్కించాను. రెండో దాంట్లో కూడా తుంటి లేచింది. మూడో దాంట్లో నా చెయ్యి కదల్లేదు. అన్నిటికన్నా లోపలిది కూడా చూద్దామని పెట్టాను. అదీ సులువుగానే తిరిగింది. కానీ బిగువు పెంచగానే ఎస్తేరు ఆపేసింది.

"ఊరికే తిరుగుతున్నాయమ్మా కాళ్ళు. బలం ఆనట్లేదు."

ఆ రోజు తెలుసుకున్నది తర్వాత చాలామందికి పనికొచ్చింది. తుంటి లేవకుండా తిరిగే వాటిలో అన్నిటికన్నా పొడుగైన క్రాంకే ఆ మనిషికి సరైనది. నొప్పి తగ్గుతుంది కదా అని మరీ పొట్టిది పెడితే ఎత్తు వచ్చినప్పుడు దిగిపోవాలి. రెండు వైపులా ఒకే పొడుగు ఉండాలి. చెడిన కాలివైపు మాత్రమే తగ్గిస్తే రోజూ దూరాలు తొక్కేవాళ్ళకి నడుం ఊరుకోదు.

క్రాంకుని కోసి, పొట్టిగా చేసి అతికించి తెస్తానని డాక్టరు గారికి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అది మన పనా కరుణా?"

"కాదు సార్. కానీ ఎవరి పనో తెలియడం లేదు."

"అతుకుపెట్టిన ఇనుముని నమ్మకు. మనుషుల ఎముకలకి నేను పెట్టిన స్టీలు ప్లేట్లే కొన్ని విరిగాయి. లారీ ముందు విరిగిందనుకో, ఎవరు జవాబు చెప్తారు?"

ఆయనన్నది సబబే. నేను దాని గురించి ఆలోచించలేదు. అతుకు లేకుండా పొట్టి క్రాంకు ఎక్కడ దొరుకుతుందా అని బస్టాండు పక్కన సైకిల్ షాపు నడిపే మస్తాన్‌ని అడిగాను. పిల్లల సైకిళ్ళకి పొట్టివే ఉంటాయన్నాడు. మూడో రంధ్రం కొలత ఒక దారానికి ముడివేసుకుని పోయాను. ఇద్దరం కలిసి అతని పాత సామాను కుప్ప అంతా తిరగేశాం. కొన్ని మరీ పొట్టివి, కొన్ని ఇరుసుకి పట్టలేదు. చివరికి ఒకటి సరిపోయింది. దాంతో పాటు వచ్చిన, చైను తిరిగే పళ్ళచక్రం కూడా చిన్నది. అది మాకు కలిసొచ్చింది. క్రాంకు పొట్టిదైతే తొక్కుడు బరువెక్కుతుంది, పళ్ళచక్రం చిన్నదైతే తేలికవుతుంది. ఒకటి తీసుకున్నది ఇంకొకటి ఇచ్చింది. చైను కొంచెం కోసి, కాలు నేలకి ఆనేంత వరకే సీటు కాస్త పెంచి ఇచ్చాడు.

ఆవరణలో ఎస్తేరు మళ్ళీ తొక్కింది. వేగం లేదు. కాళ్ళు చకచకా తిరుగుతున్నాయి, సైకిల్ నిదానంగా పోతోంది. కానీ తుంటి సీటుకి ఆనే ఉంది. రెండు చుట్లు చాలన్నాను. వినిపించుకోలేదు. మా గదికీ మందుల కొట్టుకీ మధ్య అలా తిరుగుతూనే ఉంది. రాహేలమ్మ మెట్ల మీద కూర్చుని, కోడలు ఎటు పోతే అటు తల తిప్పుకుంటూ చూసింది.

కొన్నాళ్ళకి రౌండ్స్‌లో డాక్టరు గారికి గుర్తొచ్చింది. "ఆ సైకిల్ అమ్మాయి. ఎంత వంగింది?"

"అంతే ఉంది సార్. పనికి పోతోంది."

ఆయన పక్క మంచం దగ్గరికి వెళ్ళారు.

బ్రిడ్జి దగ్గర

కేసు అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఎస్తేరు మళ్ళీ వచ్చింది.

"క్రాంకు కొంచెం పొడుగుది వేయించండమ్మా. కాలువ బ్రిడ్జి దగ్గర దిగాల్సొస్తంది."

పొట్టి క్రాంకుతో ఎత్తు ఎక్కడం కష్టమే. ఈలోగా మోకాలు కూడా కాస్త సడలింది. సరే, ఓ పిసరు పొడుగుది మస్తాన్ దగ్గర వెతికించి వేయించాను. వారం తిరక్కుండా మోకాలు వాపుతో వచ్చింది. మళ్ళీ పాతదే బిగించి, ఈసారి తొక్కుడు ఇంకా తేలికవ్వాలని వెనక చక్రానికి ఎక్కువ పళ్ళున్న పళ్ళచక్రం వేయించాను. తర్వాత అడిగితే "బాగానే ఉందమ్మా. బ్రిడ్జి దగ్గర మాత్రం దిగుతున్నా" అంది. నాకు విసుగొచ్చింది. పని ఒత్తిడిలో ఉన్నాను, వార్డు నిండా కొత్త ఆటో కేసులు.

మస్తాన్ అన్నాడు, "ఇంతకన్నా తేలిక చేస్తే నడిచినట్టే ఉంటది మేడం. ఆ ఎత్తేందో మీరొకసారి చూసి రాండి."

సెలవు దొరికిన రోజు పొద్దున్నే బస్సెక్కి, వాళ్ళ ఊరి అడ్డరోడ్డులో దిగాను. అత్తాకోడళ్ళు అప్పటికే బయల్దేరి వస్తున్నారు. ఎస్తేరు నిదానంగా తొక్కుతోంది, రాహేలమ్మ అన్నం క్యారేజీ పట్టుకుని పక్కన నడుస్తోంది. రోడ్డుకి ఒకవైపు పత్తి, ఇంకోవైపు ఎర్రబడ్డ మిరపచేలు. వాళ్ళతో పాటు నడుస్తూ, నా అలవాటు కొద్దీ ఎస్తేరు నడుం వైపే చూస్తున్నాను. చక్కగా ఉంది. ఎక్కడా లేవడం లేదు.

కాలువ కనిపించింది. బ్రిడ్జి ఇంకా కొంత దూరం ఉండగానే ఎస్తేరు దిగింది. నేను ముందుకు చూశాను. ఎత్తు లేదు. ఉందనుకున్నా, చిన్నపిల్లలు కూడా దిగకుండా తొక్కుకుపోయేంత ఎత్తు. ఆమె సైకిల్‌ని తనకీ గోడకీ మధ్య పెట్టుకుని, ముందు చక్రం మీద నుంచి చూపు తిప్పకుండా నడిచింది. ఆ గోడలో ఒకచోట కొత్త సిమెంటు. మిగతా గోడంతా నల్లబడి ఉంది, అక్కడ మాత్రం తెల్లగా ఉంది.

ఆటో బ్రిడ్జి మీద తిరగబడిందని నేను వార్డులో విన్నదాన్నే. ఏ బ్రిడ్జి అని అడగలేదు. ఈ ప్రాంతంలో కాలువల మీద ఎన్ని బ్రిడ్జిలు లేవు.

"ఇక్కడేనమ్మా మా జ్యోతి" అంది రాహేలమ్మ. ఆవిడ కూడా గోడ వైపు చూడలేదు.

బ్రిడ్జి దాటాం. ఎస్తేరు మళ్ళీ ఎక్కబోతుంటే హ్యాండిల్ పట్టుకుని ఆపాను.

"చూడమ్మాయ్, సైకిల్లో లోపమేం లేదు. దిగాలనిపించినన్నాళ్ళు దిగి నడువు. తప్పేముంది?"

"లోపం లేదని నాకు తెలుసమ్మా."

"మరి పొడుగుది వెయ్యమని ఎందుకడిగావు?"

తలొంచుకుని పెడల్‌ని కాలితో వెనక్కి తిప్పింది. "పొడుగుదైతే బిరాన దాటొచ్చనుకున్నా."

ఆ రోజు వాళ్ళతో చేను దాకా నడిచి, వాళ్ళు కూలీల వరసలో మునుం పట్టి కోత మొదలుపెట్టేదాకా ఉండి వచ్చేశాను. మిరపఘాటుకి దారంతా దగ్గు. బస్సులో కూర్చున్నాక చాలా అలసటగా అనిపించింది. నడవడం వల్ల కాదు. మోకాలు, తుంటి, క్రాంకు పొడుగు, పళ్ళ లెక్క, అన్నీ సరిగ్గానే చేశాం. చేసినవన్నీ అవసరమైనవే. అవి లేకపోతే ఆమె ఆ బ్రిడ్జి దాకా కూడా వచ్చేది కాదు. కానీ బ్రిడ్జి మీద చేయడానికి నా చేతుల్లో ఏమీ లేదు. ఈ ఉద్యోగంలో ఇలాంటి చోట్లు తగులుతుంటాయి. అక్కడ ఇంకో కొలత మార్చాలని చూడకండి. పక్కన నడవగలిగితే నడవండి, లేకపోతే ఊరుకోండి.

ఆ తర్వాత

కోతలు అయిపోవచ్చే రోజుల్లో ఇద్దరూ ఆసుపత్రికి వచ్చారు. ఈసారి రోగి రాహేలమ్మ. చేలో గట్టు దిగుతుంటే మడమ బెణికింది. ఎస్తేరు ఆవిణ్ణి వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని వచ్చింది. ఆ బరువుతో ఇంత దూరం ఎలా తొక్కావన్నాను.

"నిదానంగా వచ్చామమ్మా. తొందరేముంది."

రాహేలమ్మ కాలు నా ఒళ్ళో పెట్టుకుని మడమ చూస్తున్నాను. ఆవిడే చెప్పడం మొదలుపెట్టింది.

"కాలు బెణికిన రోజున చేలోంచి ఇంటికి నడవలేకపోయా. ఎక్కు అత్తా అంది. ఎక్కి కూచున్నా. బ్రిడ్జి కాడికి వచ్చేతలికి ఇది బ్రేకు పట్టింది. దిగమాక, తొక్కు అన్నా."

"తొక్కిందా?"

"తొక్కింది."

ఎస్తేరు కిటికీ దగ్గర నిలబడి ఉంది. "మధ్యలోకి వచ్చాక ఆపమందమ్మా" అంది.

"ఆపావా?"

"ఆపా. కాలు కింద ఆనిచ్చి నిలబడ్డా. అత్త కూచునే చెయ్యి చాపి ఆ గోడ మీద పెట్టింది. కాసేపు అట్టాగే ఉంది. ఇంక పద అంది. తొక్కా."

నేను మడమకి కట్టు కట్టడం మొదలుపెట్టాను. బొటనవేళ్ళు నొప్పెడుతున్నాయి కాబట్టి నెమ్మదిగా కట్టాను. ఎముకకి ఏమీ కాలేదు, బెణుకంతే. వాపు తగ్గేదాకా ఎక్కువ నడవొద్దని చెప్పాను.

"నేనెందుకు నడుస్తా" అంది రాహేలమ్మ, చీర కుచ్చిళ్ళు సర్దుకుని లేస్తూ. "ఇది ఎక్కించుకుంటదిగా."